ముప్పై ఏడు నిమిషాలు ముందే విడిచిన గ్రహణం

తిరుపతిలో సుందరవల్లి అనే రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ మొన్న ఫాల్గుణ పౌర్ణమినాటి చంద్రగ్రహణాన్ని ముప్పై ఏడు నిమిషాలు ముందే విడిపించేసింది. పంచాంగం చూసేవాళ్ళు చూస్తూనే ఉన్నారు, టీవీలో లెక్కలు చెప్పేవాళ్ళు చెబుతూనే ఉన్నారు. ఈవిడ మాత్రం ఎవరినీ అడక్కుండా చంద్రుణ్ణి రెక్క పట్టుకుని నీడలోంచి బయటికి లాగేసింది.

సరే, రెక్క పట్టుకుని లాగింది అనడం కొంచెం ఎక్కువే. చంద్రుడి దాకా ఆమె చెయ్యి పోలేదు. విడిపించింది కూడా లోకం మొత్తానికి కాదు, చిత్తూరు దగ్గర ఐరాల అనే ఊళ్ళో ఒకే ఒక్క ఇంటికి. కానీ ఆ ఇంటి వరకు గ్రహణం సాయంత్రం ఆరూ పదికి విడిచింది. మిగతా ప్రపంచానికి ఆరూ నలభై ఏడుకు విడిచింది. ఈ లెక్కలో ఒక్క నిమిషం కూడా తగ్గించేది లేదు.

ఆమె ఎటువంటి మనిషో తెలిస్తే గానీ ఇందులోని ఘోరం అర్థం కాదు.

ఆమె తండ్రి శఠగోపం. గోవిందరాజస్వామి గుడి పక్క వీధిలో ఇల్లు, దేవస్థానం ఆఫీసులో గుమాస్తా పని. గ్రహణం వచ్చిందంటే ఆ ఇంట్లో ఆవకాయ జాడీల మీద, నీళ్ళ బిందెల మీద, పెరుగు గిన్నెల మీద దర్భపోచలు పడేవి. దర్భ లేకపోతే గ్రహణం సోకి అన్నీ పాడైపోతాయని నాయనమ్మ చెప్పేది. సుందరవల్లికి పదేళ్ళప్పుడు అలాంటి గ్రహణం ఒకటి వచ్చింది. ఇంట్లో ఎనిమిది జాడీలున్నాయి. పిల్ల ఎవరూ చూడకుండా నాలుగింటి మీద దర్భ తీసేసి, ఆ నాలుగింటికీ అడుగున సుద్దముక్కతో సున్నా చుట్టింది. తర్వాత నెల రోజులు అన్ని జాడీలూ వంతులవారీగా రుచి చూసి, లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో రాసుకుంది. ముప్పయ్యో రోజు అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు ఫలితం ప్రకటించింది.

“నాయనమ్మా, దర్భ వేసిందీ వెయ్యందీ ఒకటే రుచి.”

నాయనమ్మ చేతిలో ముద్ద నోటికి జానెడు దూరంలో ఆగిపోయింది. నెల రోజులుగా తను తింటున్నది ఏమిటో ఆవిడకు అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఆ ఇంట్లో రేగిన గోల రెండు వీధులకు వినిపించింది. శఠగోపం మాత్రం నోటుబుక్కు తెప్పించుకుని చివరిదాకా చదివాడు.

“ఇరవై రెండో రోజు ఏమీ రాయలేదే?”

“జ్వరం వచ్చింది నాన్నా. రుచి చూళ్ళేదు.”

“చూడని రోజు ఖాళీగా వదిలినావు. మంచిది. చూసింది రాయి. చూడనిది ఎవరు చెప్పినా రాయొద్దు.”

ఆ మాట మీద ఆమె ముప్పై ఆరేళ్ళు ఆడపిల్లల కాలేజీలో పాఠం చెప్పింది. ప్రాక్టికల్స్‌లో ఆమె పేరు వింటే పిల్లలకు చెమటలు పట్టేవి. లోలకం ప్రయోగంలో పుస్తకంలో ఉన్న అంకె సరిగ్గా ఎవరికైనా వచ్చిందంటే ఆమెకు అనుమానం వచ్చేది. ఐరాల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివిన నందిని అనే అమ్మాయి ఒకసారి అలాగే దొరికిపోయింది.

“ఎంత వచ్చింది?”

“తొమ్మిది వందల ఎనభై, మేడం.”

“పుస్తకానికి ఎంత వచ్చిందో అడగలేదు. నీకెంత వచ్చింది?”

నందిని నేల చూస్తూ, “వెయ్యీ పన్నెండు” అంది.

“అది రాయి. నీ గడియారం తప్పితే ఎందుకు తప్పిందో ఇద్దరం కూర్చుని కనుక్కోవచ్చు. మనిషే తప్పితే ఏం కనుక్కుంటాం?”

రికార్డు చింపి, ప్రయోగం మళ్ళీ మొదటినుంచి చేయించింది. ఆ రోజంతా ఏడ్చిన నందిని, తర్వాత ఆమె శిష్యురాళ్ళలో అందరికంటే దగ్గరైంది. సుందరవల్లికి మనుషుల గురించి ఒకే ఒక్క సిద్ధాంతం ఉండేది. ఎవరి మీదా అరవక్కర్లేదు, ఎవరినీ వెక్కిరించక్కర్లేదు, కళ్ళ ముందు పెట్టి చూపిస్తే చాలు, మనిషి అన్నవాడు నమ్ముతాడు. అరవై ఆరేళ్ళు వచ్చేదాకా ఆ సిద్ధాంతాన్ని అనుమానించవలసిన పని ఆమెకు పడలేదు.

ఈ ఫాల్గుణ మాసంలో నందిని ఫోన్ చేసింది. పెళ్ళై రెండేళ్ళయింది. భర్త రూపేష్ శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు ఇంజనీరు. తొమ్మిదో నెల కాబట్టి కాన్పుకు ఐరాలలో పుట్టింటికి వచ్చి ఉంది.

“మేడం, పౌర్ణమి నాడు గ్రహణం కదా. మా అమ్మ నన్ను మూడున్నర గంటలు చీకటిగదిలో కట్టె మాదిరి పండబెడతాదంట. కాళ్ళు ముడవకూడదంట, గోక్కోకూడదంట, నీళ్ళు కూడా ఈరంట. మీరొచ్చి చెప్తే వింటాది.”

“నా మాట ఎందుకు వింటుంది?”

“రోకలి గ్రహణంలో మాత్రమే నిలబడతాదని, విడవగానే దానంతట అది పడతాదని మా అమ్మ నమ్మకం మేడం. మీరు గ్రహణం లేనప్పుడు నిలబెట్టి చూపిస్తే ఇంకేముంటాది?”

సుందరవల్లికి ఇంతకన్నా మంచి ఆహ్వానం ఎవరూ పంపలేదు. పౌర్ణమికి ముందురోజే బయలుదేరవలసింది, మోకాళ్ళ డాక్టరు ఆ రోజే రమ్మన్నాడు. పోనీలే, గ్రహణం మధ్యాహ్నం మూడూ ఇరవైకి కదా, పొద్దున్నే పోతే సరిపోతుంది అనుకుంది. ఆ ఒక్కరోజు ఆలస్యం ఏం చేస్తుందో అప్పుడు తెలియదు. తెల్లవారి కాణిపాకం బస్సెక్కి, అక్కణ్ణించి ఆటోలో ఐరాల చేరింది.

నందిని తండ్రి కృష్ణమూర్తికి మామిడితోట, చెరకు. అన్నీ తెలుసుకోవాలనే మనిషి. వచ్చీరాగానే చంద్రుడి మీద చలి ఎంతుంటుందో అడిగాడు. తల్లి రాఘవమ్మ కాఫీ ఇచ్చి, “మా పాపను మనిషిని చేసినారు మేడం మీరు” అని చెయ్యి పట్టుకుంది. కృష్ణమూర్తి తమ్ముడి కొడుకు ప్రతాప్ ఫోన్ పట్టుకుని వీడియోకు సిద్ధంగా ఉన్నాడు. నందిని దోశల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని వెనక వసారాలో కూర్చుని, సినిమా మొదలయ్యే ముందు కూర్చున్నట్టు చూస్తోంది.

రాఘవమ్మ ఇత్తడి తాంబాళంలో పసుపునీళ్ళు పోసి తెచ్చింది. ఇంట్లో ఉన్న రెండు రోకళ్ళనూ సుందరవల్లి తిరగేసి చూసి, అడుగున ఇనుప పొన్ను అరిగి చదునైన దాన్ని ఎంచుకుంది. ముందు కృష్ణమూర్తిని నిలబెట్టమంది. మూడుసార్లు ఆయన కాలి మీదే పడబోయింది.

“కాదు మేడం, ఇది గ్రహణం పట్టితేనే.”

“చూడండి.”

రోకలిని తాంబాళం మధ్యలో ఆనించి, రెండు చేతుల వేళ్ళ కొసలతో పైభాగం పట్టుకుని, కళ్ళు సగం మూసి, వెంట్రుకవాసి ఇటు, వెంట్రుకవాసి అటు జరుపుతూ రెండు నిమిషాలు గడిపింది. గరిమనాభి సరిగ్గా పొన్ను మధ్యకు వచ్చిందని వేళ్ళకు తెలిసింది. ఒక్కో వేలే తీసేసింది. రోకలి నిలబడింది.

ప్రతాప్ ఈల వేశాడు. సుందరవల్లి చేతిగడియారం చూసి నోటుబుక్కులో 11:02 అని రాసుకుని, ముప్పై ఆరేళ్ళు తరగతిలో అడిగిన గొంతుతో అడిగింది.

“ఇప్పుడు టైమెంత? పదకొండు. గ్రహణం ఎప్పుడు? మూడూ ఇరవైకి. మరి రోకలి నిలబడింది కదా. దీన్నిబట్టి ఏం తెలిసింది?”

ఎవరైనా జవాబు చెప్తారని ఆగింది. ఆగడం ఆమెకు అలవాటు.

రాఘవమ్మ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి.

“అయ్యో దేవుడా! అప్పుడే పట్టేసిండాది!”

“ఏం పట్టింది?”

“గ్రహణం మేడం! ఆ టీవీలో వాళ్ళకు ఏం తెల్సు? మీరు రాకపోయుంటే మా బిడ్డ గతి ఏమయ్యుండు! ఒసే నందినీ, ఎంగిలి చెయ్యి కడుక్కోకపోయినా పరవాలేదు, లోపలికి పో! బిన్నా పో!”

నందిని నోట్లో దోశ ముక్క నోట్లోనే ఉంది. పళ్ళెం ఒళ్ళోంచి ఎగిరిపోయింది. తల్లి రెక్క పట్టుకుని లేపుతుంటే ఆ పిల్ల వెనక్కి తిరిగి మేడం వైపు చూసిన చూపును చెప్పడం కష్టం. గది తలుపు మూసుకుంది. కిటికీకి దుప్పటి పడింది. మూడూ ఇరవైకి మొదలుకావలసిన చెర, ఫిజిక్సు పుణ్యమా అని నాలుగు గంటలు ముందే మొదలైంది.

సుందరవల్లి నోటుబుక్కు మూసేసింది. తను ఇన్నేళ్ళూ పిల్లలకు చెప్పింది కళ్ళతో చూసింది నమ్మమనే. వీళ్ళు నమ్మారు. రోకలి నిలబడడం చూశారు, రాసుకున్న టైము చూశారు, అనుమానం లేకుండా ఒక నిర్ణయానికి వచ్చారు. వాళ్ళ తర్కంలో ఎక్కడా లొసుగు లేదు. ‘గ్రహణంలోనే రోకలి నిలబడుతుంది’ అనే మొదటి వాక్యం ఒప్పుకుంటే, రాఘవమ్మ చెప్పిన జవాబుకు పూర్తి మార్కులు వెయ్యాల్సిందే.

అయినా వదల్లేదు. ఒక నారింజపండు, ఒక నిమ్మకాయ, టార్చిలైటు పెట్టుకుని కృష్ణమూర్తికి అరగంట చెప్పింది. ఆయన ఎంతో శ్రద్ధగా విని, మధ్యలో మూడు మంచి ప్రశ్నలు కూడా వేశాడు.

“మీరు చెప్పేది కరెక్టే మేడం. భూమి నీడ పోయి చంద్రుడి మీద పడతాది. బాగా అర్థమయింది. ఆ నీడ ఈపొద్దు రవంత తొందరగా వచ్చేసిండాది, అంతేకదా?”

ప్రతాప్ వీడియో ఊరంతా తిరిగింది. జనం వచ్చి తాంబాళానికి మూరెడు దూరంలో నిలబడి దండం పెట్టుకుని పోయారు. మధ్యాహ్నానికి ఆ వీధిలో ఇంకో మూడు రోకళ్ళు నిలబడ్డాయి. ఎవరూ వంట వండలేదు. “తిరుపతి మేడం కనిపెట్టింది” అని ఒకరికొకరు చెప్పుకుంటుంటే, ఆమె వసారాలో కుర్చీ వేసుకుని తన రోకలినే చూస్తూ కూర్చుంది.

సాయంత్రం అయిదూ నలభైకి గదిలోంచి సన్నగా పిలుపు వినిపించింది. ఆడమనిషి కాబట్టి సుందరవల్లిని లోపలికి పోనిచ్చారు. చీకట్లో నందిని చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

“నాలుగ్గంటల నుంచి నొప్పులొస్తా ఉండాయి మేడం. అమ్మ భయపడతాదని చెప్పలేదు. ఇప్పుడే నీళ్ళు పోయినాయి.”

సుందరవల్లి ఫోన్ లైటు వేసింది. తెల్ల దుప్పటి మీద తడి ఆకుపచ్చగా ఉంది. ఆమె డాక్టరు కాదు, కానీ ఆ రంగు ఉండకూడదని తెలుసు. చిత్తూరు ఆసుపత్రిలో నందినిని చూసే డాక్టరమ్మకు ఫోన్ చేసి, కనిపించింది కనిపించినట్టు చెప్పింది.

“ఆకుపచ్చగానా? బిడ్డ లోపల ఇబ్బందిలో ఉంది. ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. బయలుదేరండి.”

బయటికి వచ్చి ఆ మాట చెప్పగానే ప్రతాప్ కారు తాళాలకు పరిగెత్తాడు. రాఘవమ్మ మాత్రం గది తలుపుకు అడ్డంగా నిలబడింది.

“రోకలి పడనీ. పడిన మరు నిమిషం పోదాం.”

“రాఘవమ్మా, అది నేను నిలబెట్టింది! పొద్దున మీ కళ్ళ ముందే నిలబెట్టాను. తీసి పక్కన పెడతాను.”

“తాకితే నా మీద ఒట్టు! నిలబెట్టినోళ్ళు మీరే. ఇంతసేపు పడకుండా పట్టుకోనుండేది ఎవురు? దానంతట అది పడాల. మనం పడదోస్తే విడిచినట్లు కాదు.”

“పోనీ ఆరూ నలభై ఏడు అయ్యాక?”

“అది టీవీవోళ్ళ టైము. పట్టేది తప్పు చెప్పినోళ్ళు విడిచేది సరిగా చెప్తారా?”

సుందరవల్లి కృష్ణమూర్తి వైపు తిరిగింది. ఇంత తెలిసిన మనిషి, ఇన్ని ప్రశ్నలు అడిగిన మనిషి. ఆయన ఆమె ముఖంలోకి చూడలేదు.

“మేడం, నందినికి ముందు మాకొక బిడ్డ. పై పెదవి రెండుగా చీలిపోయి పుట్టినాడు. పాలు పట్టలేక తొమ్మిది దినాలకు పోయినాడు. ఆ యేడు గ్రహణంలో ఈమె తెలీక సొరకాయ కోసింది. ఈ చేతుల్తోనే పూడ్చినాను. ఇంకోసారి నా వల్ల కాదు.”

తలుపును పట్టుకున్న రాఘవమ్మ వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. సుందరవల్లికి అప్పుడు తెలిసింది, తను పొద్దుటినుంచి వాదిస్తున్నది రోకలితో కాదని, తొమ్మిది రోజుల పసివాడితోనని. నారింజపండు, నిమ్మకాయ పెట్టి వాణ్ణి ఎలా ఓడించడం?

ఇంకో సంగతి కూడా ఆమెకు గుర్తొచ్చింది. తిరుపతిలో తన ఇంట్లో ఒకసారి సరదాకు రోకలి నిలబెడితే పదకొండు రోజులు అలాగే ఉంది. పనిమనిషి ఊడుస్తూ తగిలిస్తే పడింది. ఈ రోకలి ఇంకా చదునైనది.

కృష్ణమూర్తి రూపేష్‌కు ఫోన్ చేద్దామని ముందరి గదిలోకి పోయాడు. రాఘవమ్మ “పాపా, ఓర్చుకోమ్మా” అంటూ లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. వసారాలో సుందరవల్లి, రోకలి మిగిలారు.

ఆమె గట్టిగా దగ్గింది. రోకలి కదల్లేదు. తాంబాళం పక్కన బలంగా కాలు తాటించింది. పసుపునీళ్ళు వణికాయి, రోకలి మాత్రం స్తంభంలా ఉంది. ఏదైనా లారీ వీధిలో పోతుందేమోనని చెవులు రిక్కించింది. గ్రహణమని లారీలు కూడా ఆగిపోయినట్టున్నాయి. ఇంత బాగా నిలబెట్టినందుకు తన చేతులను తనే తిట్టుకుంది. గదిలోంచి నందిని మూలుగు ఈసారి పళ్ళ బిగువున ఆగలేదు.

చూసింది రాయి, చూడనిది రాయొద్దు. సాక్ష్యాన్ని తాకొద్దు. ఎంత వస్తే అంతే రాయి. ఎంతమంది పిల్లల రికార్డులు చింపిందో ఆమెకే లెక్క తెలియదు.

సుందరవల్లి కుడికాలి చెప్పు విడిచింది. బొటనవేలు తాంబాళం అంచు కిందికి దూర్చింది. ఎత్తింది.

రోకలి రాతినేల మీద పడిన చప్పుడుకు ఇల్లంతా ఉలిక్కిపడింది. పసుపునీళ్ళు గోడ దాకా చిందాయి.

“పడింది! రాఘవమ్మా, రోకలి పడింది!”

కృష్ణమూర్తి పరిగెత్తుకొచ్చాడు. “దానంతట అదే పడిందా?”

“దానంతట అదే.”

ఆ రెండు మాటలూ పలికిన గొంతు ఎవరిదో ఆమెకు ఒక క్షణం అర్థం కాలేదు. వెంటనే కృష్ణమూర్తి గడియారం చూశాడు.

“ఆరూ పది. ఇంకా ముప్పై ఏడు నిమిషాలు ఉండాదే?” ఆయన కనుబొమలు ముడిపడ్డాయి, మళ్ళీ విచ్చుకున్నాయి. “ముందుగానే పట్టె, ముందుగానే విడిచె. లెక్క సరిపోయింది!”

రాఘవమ్మ గదిలోంచి బిడ్డను నడిపించుకొచ్చింది. విడుపు స్నానం మాట ఎవరో ఎత్తబోతే, “ఆస్పత్రిలో నీళ్ళు లేవా యేంది? బండి తీయ్‌రా!” అంది.

కారు చిత్తూరు దారి పట్టింది. ముందు ప్రతాప్, కృష్ణమూర్తి. వెనక నందిని తల్లి ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది, కాళ్ళు సుందరవల్లి ఒళ్ళో ఉన్నాయి. ఆమె ఎడమ కిటికీ వైపు. ఎడమ అంటే తూర్పు. పౌర్ణమి చంద్రుడు తూర్పున ఇప్పుడు లేవాలి. లేచేటప్పటికి ఇంకా గ్రహణంలోనే ఉంటాడు. ఈ సంగతి ఇంతవరకు ఎందుకు తోచలేదో ఆమెకు తెలియదు. కొంగు తీసి కిటికీ అద్దానికి అడ్డంగా పట్టుకుంది.

“ఏంది మేడం అది?” అంది రాఘవమ్మ.

“ఎండ. పాప కళ్ళల్లో పడుతుందని.”

“ఎండ యాడుండాది? పొద్దు గూకి పోయె.”

“దుమ్ము కూడా ఉంది.”

“అద్దం మూసే ఉండాది కదా.”

రోడ్డు మలుపు తిరిగింది. కొంగుతో పని లేకుండా, ముందు అద్దంలో నిండుగా, ఎర్రటి చంద్రుడు కొండ మీదికి వచ్చి కూర్చున్నాడు. ఒక పక్క ఎవరో కొరికినట్టు నల్లగా నొక్కు.

“పెద్దమ్మా! సూడు సందమామ! ఇంకా పట్టిం–”

“నోరు మూసుకోని రోడ్డు సూడరా!” రాఘవమ్మ గొంతుకు ప్రతాప్ స్టీరింగు మీద అతుక్కుపోయాడు. కృష్ణమూర్తి ఫోన్లో రూపేష్‌తో మాట్లాడుతూ తల ఎత్తలేదు.

రాఘవమ్మ ఆ కొరికిన చంద్రుణ్ణి చూసింది, బిడ్డ ముఖాన్ని తన పైటతో కప్పింది. తర్వాత ఇటు వంగి, సుందరవల్లి చెవికి మాత్రమే వినపడేటట్టు అంది.

“మేడం, ఆస్పత్రి రాగానే కుడికాలు కడుక్కోండి. బొటనవేలికి పసుపుండాది. మా ఆయన సూస్తే బాగుండదు.”

అప్పటిదాకా ఆ రోజు ఆమెకు తగిలిన దెబ్బలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

“ఎప్పుడు చూశారు?”

“తలుపు సందులోంచి సూస్తానే ఉండా. మీరు దగ్గినారు, కాలు తాటించినారు. తన్నేదాకా నా పానం నా దగ్గర లేదు.”

“మరి మీరే పడెయ్యొచ్చు కదమ్మా! నన్ను ఒట్టు పెట్టి ఆపారే!”

“నేను తంతే నాకు పాపం అంటుకుంటాది. ఆ పాపం పోయి బిడ్డకు తగులుతాది. మీకు నమ్మకమే లేదు కదా. మీకేమంటుతాది?”

సుందరవల్లి అద్దానికి పట్టిన కొంగు దించేసింది. ముప్పై ఆరేళ్ళు సైన్సు చెప్పిన మనిషిని ఈ లోకం దేనికి ఉంచుకుందో ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు. నమ్మకం లేని కాలు ఒకటి ఊళ్ళో ఉండడం మంచిది, అవసరానికి పనికొస్తుంది. తనకు అంటుకున్నది వేరే ఉందని, దాని పేరు ‘దానంతట అదే’ అని ఆ తల్లికి ఎలా చెప్పడం?

ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. ఇంకో అరగంట ఆగి ఉంటే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరమ్మ అంది. నర్సు గుడ్డలో చుట్టి తెచ్చిన బిడ్డను రాఘవమ్మ ఎత్తుకోలేదు. ముందు చూపుడువేలుతో పై పెదవి మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా రాసింది. మళ్ళీ రాసింది. అప్పుడు బెంచీ మీద కూలబడి, చప్పుడు లేకుండా ఏడ్చింది.

సుందరవల్లి పక్కన కూర్చుని నోటుబుక్కు తెరిచింది. 11:02 అని ఉంది. దాని కింద 6:10 అని వేసి, రోకలి ఎలా పడిందో రాయాలి. పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేసింది.

“అక్కా,” అంది రాఘవమ్మ. పొద్దుటినుంచి మేడం అన్న మనిషి. “ఒకటి అడుగుతా. మా పెద్దోడికి అట్లయ్యింది నేను సొరకాయ కోసినందుకు కాదా?”

“కాదు.”

“ఇరవై తొమ్మిదేండ్లుగా కత్తి పట్టుకున్న ప్రతిసారీ వాడే కనపడతాడు. నిజంగా కాదా?”

“నిజంగా కాదు రాఘవమ్మా. కడుపులో పెదవి కలిసేది రెండో నెలలో. కలవకపోవడానికి కారణాలు వేరే ఉంటాయి. కొన్ని డాక్టర్లకు తెలుసు, కొన్ని ఇంకా ఎవరికీ తెలియవు. సొరకాయకూ వాడి పెదవికీ ఏ సంబంధమూ లేదు. నీ తప్పు ఏమీ లేదు.”

రాఘవమ్మ ఆమె ముఖంలోకి చూసింది.

“సాయంత్రం దానంతట అదే పడిందని అబద్ధం చెప్పినావు. ఇప్పుడు చెప్పేది మాత్రం ఎట్ల నమ్మేది?”

సుందరవల్లి చెంప మీద కొట్టినట్టు తల ఎత్తింది. ఒక్క తప్పు అంకె రాస్తే రికార్డంతా ఎందుకు చింపాలో ఆమె ఎన్ని వందలసార్లు చెప్పిందో. ఆ పాఠం తనకే ఒకరు చెప్తారని అనుకోలేదు. ఈమెకు జీవితంలో కావలసిన నిజం ఒక్కటే ఒక్కటి. అది చెప్పవలసిన నోటిని తను సాయంత్రమే పాడుచేసుకుంది.

“సాయంత్రం చెప్పింది అబద్ధం,” అంది మెల్లగా. “బిడ్డ కోసం చెప్పాను. మళ్ళీ అలాంటి రోజు వస్తే మళ్ళీ చెప్తానేమో, తెలియదు. ఇది మాత్రం నిజం. నీకిప్పుడు నేను అబద్ధం చెప్తే నాకేం ఒరుగుతుంది?”

రాఘవమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“అబద్ధం చెప్పినానని నా ముందర ఒప్పుకుంటివి కదా. పోనీలే, నమ్ముతా.” గొంతు తగ్గించింది. “అయితే అక్కా, ఆ సంగతి ఊర్లో పొక్కకూడదు. రోకలిని తన్నినారని తెలిస్తే, రేపు ఈ బిడ్డకు జలుబు చేసినా, నడక ఆలస్యమైనా, బళ్ళో ఫెయిలైనా ఆ ముప్పై ఏడు నిమిషాల మీదే పెడతారు. నేను పడింది చాలదా? దీన్ని కూడా జీవితమంతా యెంటాడతారు. పానం పోయినా ఒప్పుకోవద్దు.”

“నేను అబద్ధాలు చెప్పే మనిషిని కాదు రాఘవమ్మా.”

“తెల్సు. అందుకే అందరూ నమ్ముతారు.”

బిడ్డకు వేదిక అని పేరు పెట్టిన రోజు ఐరాలలో భోజనాలు. అప్పటికి ప్రతాప్ పుణ్యమా అని కథ రకరకాలుగా తిరుగుతోంది. నందినితో పాటు చదివి, ఇప్పుడు అదే కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్న పల్లవి తిరుపతి నుంచి వచ్చి, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న సుందరవల్లి పక్కన చేరింది.

“మేడం, గ్రహణంనాడు మీరు ఇక్కడికొచ్చి రోకలి పడదోసినారంట కదా? కాలితో తన్నినారంట! నిజమేనా?”

చుట్టూ మాటలు ఆగిపోయాయి. కృష్ణమూర్తి కుతూహలంగా మెడ చాచాడు. వడ్డిస్తున్న రాఘవమ్మ చేతిలో గరిటె పైనే నిలిచింది.

“ఎవరు చెప్పారు నీకు?”

“అందరూ అంటా ఉండారు మేడం. వీడియో కూడా ఉండాదంట.”

“ఆ వీడియోలో ఉండేది నా మాదిరి ఇంకొకావిడ. ఆ రోజు నేను తిరుపతి దాటలేదు. మోకాళ్ళ డాక్టరు దగ్గర ఉన్నాను.”

“డాక్టరు దగ్గరికి ముందురోజు కదా మేడం పోయింది?” అంది నందిని, నవ్వు ఆపుకోలేక.

“నువ్వు గమ్మునుండు. చూడమ్మా పల్లవీ, రోకలి నిలబడిందీ లేదు, పడిందీ లేదు. నేను కాలెత్తిందీ లేదు. ఇదంతా ఎవరో పనిలేని ముసలాయన అల్లిన కట్టుకథ. ఈ ఐరాల అనే ఊరికి నేను రావడం ఇదే మొదలు.”